ఏడో నంబరులో మగగొంతు

హిందూపురం,
12-3-1978.

లాల్‌సాబ్ బావకు, బామ్మర్ది హజరత్‌వలి సలాము.

ఇక్కడ అంగట్లో పరుపులు, దిండ్లు, నేను, అందరమూ మెత్తగానే ఉన్నాం. మీరూ అక్కా బాగున్నారని తలుస్తాను.

ముందు అక్కకు ఒక మాట చెప్పు. రైలు పార్శిల్లో వచ్చే దిండు తలకింద పెట్టుకోవడానికి కాదు. ఒక పక్క ఎర్రదారంతో కుట్టాను. ఆ కుట్టు విప్పి దూదిలో చెయ్యి పెడితే గ్రామఫోను రికార్డు దొరుకుతుంది. దూది మాత్రం పారెయ్యొద్దు. రికార్డు తిరిగి పంపేటప్పుడు అదే కావాలి.

సంగతేమంటే, కిందటి నెల బెంగుళూరు కంటోన్మెంటులో ఒక ఆంగ్లో ఇండియన్ దొరసాని పాత పరుపులు ఎత్తుకుపొమ్మని కబురు పెట్టింది. మొగుడూ పెళ్లామూ ఆస్ట్రేలియాకు పోతున్నారు. నేను పరుపు భుజాన వేసుకుని బయలుదేరేసరికి ఆమె ఒక రికార్డు పెట్టింది. అది అయిపోయేదాకా పరుపు దించాలని కూడా తోచక అట్లే నిలబడిపోయినాను. అది చూసి ఆమె మొగుడు ముసలాయన నలభై రికార్డుల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టినాడు. దీన్ని జాజు సంగీతం అంటారట. ఒకడు పాట ఎత్తుకుంటాడు. ఇంకొకడు దాన్ని లాక్కుని ఊరంతా తిప్పుతాడు. ఇంక ఇది ఇల్లు చేరదురా అనుకునే లోపల అందరూ కలిసి దాన్ని వాకిట్లోకి తెచ్చి నిలబెడతారు.

పెనుకొండ స్టేషన్లో పార్శిలు క్లర్కు కృష్ణమోహన్ సారుకూ ఈ పిచ్చి ఉంది. ఆయన దగ్గర పదహారు ఉన్నాయి. ఏ రికార్డు ఎన్ని నిమిషాలు పాడుతుందో రైళ్ల టైముల మాదిరి పుస్తకంలో రాసుకుంటాడు. ఇప్పుడు నీకు పంపే రికార్డు, నా ఏడో నంబరు, ఎట్లుంది సార్ అని అడిగితే, "మొదటి పక్క ఇరవయ్యొక్క నిమిషం" అన్నాడు. నువ్వూ ఆ మధ్య ఒక పాత మిషను కొని బాగు చేస్తున్నానన్నావు కదా, అందుకే నిన్నూ కలుపుకున్నాం. నెలకొకసారి రికార్డులున్నవాళ్లు తమకు ప్రాణమైనది మిగతా ఇద్దరికీ పంపాలి. విన్నవాళ్లు ఏం విన్నారో రాయాలి. రికార్డు పెట్టుకునే బొమ్మ అట్ట మాత్రం పంపినవాని ఇంట్లోనే ఉంటుంది. మా పరుపు పనిలో పైగుడ్డ గలీబు ఇంటోళ్ల దగ్గర, దూది మా దగ్గర ఉన్నట్టే. అట్ట కూడా ఇస్తే ఇంక ఇచ్చేసినట్టు.

ఇంగ్లీషు పేర్లకు నోరు తిరగక, నడుమ కాగితం మీద ఎర్ర పెయింటుతో నంబర్లు వేసినాను. ఇది ఏడు. నలభైలో నా ప్రాణం ఇదే. జాగ్రత్త.

దూది తుమ్ములతో,
హజరత్‌వలి


ధర్మవరం,
2-4-1978.

వలికి లాల్‌సాబ్ దువా.

దిండు చేరింది. కుట్టు విప్పింది మీ అక్క. తుమ్మింది నేను.

మిషను సంగతి చెప్తాను. కొన్నప్పుడే మోటారు మీదుండే చిన్న చక్రం పగిలి ఉండేది. అనంతపురంలో అడిగినాను, బెంగుళూరులో అడిగించినాను, యాడా లేదు. చేతిలో పని ఉన్నవాడు అడుక్కోవడం ఎందుకని, నేను బాగుచేసే పట్టుదారం చుట్టే మిషన్లోనుంచి ఇత్తడి చక్రం ఒకటి తీసి బిగించినాను. చప్పుడు లేకుండా తిరుగుతోంది. మాకు వేరే రికార్డులు లేవు. సినిమాపాటలు రేడియోలో వింటాం. కాబట్టి ఈ మిషను నోరు తెరిచింది నీ ఏడో నంబరుతోనే.

విన్నది రాయమన్నావు. నాకు సంగీతం తెలీదు, మిషన్లు తెలుసు. ఒక మగమనిషి పాడుతున్నాడు. గొంతులో బరువుంది. ఏదో పోగొట్టుకున్నాడు, కానీ ఏం పోయిందో చెప్పడానికి తొందరపడడు. వెనక ఒక లావు తీగను ఎవరో ఆగి ఆగి మీటుతున్నారు.

మీ అక్క శెనక్కాయలు ఒలుస్తా కూర్చోనుండె. చేట పక్కకు పెట్టేసింది. పాట అయిపోయినాక అనింది. "ఇది నాయన గొంతు. నాయన దూది ఏకేటప్పుడు ఇట్లే పాడతా ఉండె. ఆ టుంయ్ టుంయ్ అనేది మన దూది ఏకే విల్లే."

ఏడ్చింది కూడా. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో మీ నాయన గురించి ఆమె ఇంత మాట్లాడింది లేదు. ఆయన పోయినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు, నీకు పదకొండు నెలలు కదా. వలి వింటే ఎంత సంబరపడతాడో అని పదిసార్లు అనింది. మంచిది పంపినావు.

నువ్వు రాయమన్నట్టే రాసిన,
లాల్‌సాబ్


హిందూపురం,
16-4-1978.

బావకు సలాము.

నీ ఉత్తరం చూసి అంగడి మూసి ఇంటికి పోయినాను. నాయన గొంతు అనే మాట చదివి చేతులు పనిమీద నిలవలేదు. నాకు నాయన అంటే గోడకు తగిలించిన ఆ ఏకుడు విల్లు ఒక్కటే. దూది ఏకే కరెంటు మిషను వచ్చినాక దాన్నీ దించడం లేదు. ఫోటో లేదు. ఎట్లుంటాడని అడిగితే అక్క "నీ మాదిరే" అంటుంది, నాకు ఊరుకోబెట్టే మాట మాదిరి ఉంటుంది. ఎట్లా పాడేవాడో నాకు ఈ రోజు వరకు తెలీదు.

కానీ బావా, ఏడో నంబరులో మగమనిషి లేడు.

పాడేది ఆడమనిషి. అట్ట నా ముందరే ఉంది. గొడుగు పట్టుకుని నవ్వుతోంది. పాట కూడా నవ్వుతూనే ఉంటుంది. పక్కన గుడ్డల అంగడి సులోచనమ్మ ఇది పెడితే చాలు, కొలతకర్రతో బల్ల మీద తాళం వేస్తుంది. ఏదో పోగొట్టుకున్న బరువు నీకు యాడ వినిపించిందో నాకు అర్థం కాలేదు.

దిండు పెనుకొండలో రెండు రోజులు ఆగింది. కృష్ణమోహన్ సారు తన రికార్డేదైనా పొరపాటున లోపల పెట్టినాడేమో అని అడిగినాను. ఇరవై ఏళ్లలో ఒక్క పార్శిలు తారుమారు చెయ్యలేదని ఆయన నొచ్చుకున్నాడు. కాబట్టి నువ్వే చూడాలి. నడుమ కాగితం మీద ఏడేనా? తలకిందులుగా పెట్టి చూసినావా? తొందరగా రాయి. ఆ మగమనిషి ఏ నంబరులో ఉన్నాడో నాకు కావాలి.

ఉత్తరం కోసం కాసుక్కూర్చున్న,
వలి


ధర్మవరం,
5-5-1978.

వలికి దువా.

నంబరు చూసినాను. ఏడే. కళ్లద్దాలు పెట్టుకుని చూసినాను, తీసి చూసినాను. మా పక్కింటి గంగులమ్మను పిలిచి చూపించినాను. ఏడే. మళ్లీ పెట్టినాను. మగమనిషే పాడినాడు. ఆడమనిషి ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

నాకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ ముసలాయన ఇచ్చినప్పుడే అట్టలు మారిపోయి ఉంటాయి. గొడుగు ఆమె ఇంకో రికార్డులో ఉంటుంది.

ఇంకొక సంగతి. నువ్వు పంపిన మూడో నంబరు కూడా విన్నాను. దాంతోబాటు పెట్టిన చీటీలో పెళ్లి ఊరేగింపు మాదిరి ఉంటుందని రాసినావు. ఇక్కడైతే జనాజా నడిచినట్టు నడుస్తోంది. నలుగురు మోస్తున్నారు, ఒకడు వెనకబడినాడు. నువ్వు పిల్లబాకా అన్నది ఇక్కడ ఎద్దు అరిచినట్టు అరుస్తోంది. బాగుంది, కాదనను. కానీ పెళ్లి కాదు. మీ హిందూపురంలో పెళ్లిళ్లు ఇట్లా చేసుకుంటారేమో మాకు తెలీదు.

ఏడో నంబరు ఇంకొక రెండు నెలలు ఉండనీ అని మీ అక్క అడిగింది. పొద్దున పొయ్యి ముట్టించక ముందు ఒకసారి వింటోంది. అయినా మాట మాటే, నువ్వు చూడాలంటున్నావు గనక రేపటి పార్శిల్లో పంపుతున్నాను.

నీ క్షేమమూ రికార్డు క్షేమమూ కోరే,
లాల్‌సాబ్


హిందూపురం,
30-6-1978.

బావకు సలాము.

ఏడో నంబరు చేరింది. పదకొండుసార్లు విన్నాను. రెండు పక్కలూ విన్నాను. సులోచనమ్మను, ఆమె మొగుణ్ని, పరుపు కొనడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి వినిపించినాను. అందరూ ఒకటే మాట. ఆడమనిషి, హుషారు పాట. మగమనిషి కోసం వెతికి వెతికి, నాకు ప్రాణమైన పాట వింటేనే ఇప్పుడు తలనొప్పి వస్తోంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు నువ్వు జనాజా, ఎద్దు అని రాస్తున్నావు. నేను పిచ్చోని మాదిరి ముద్దుగా ఒక్కొక్కటి ఏరి పంపుతుంటే నువ్వు ఆటపట్టిస్తున్నావు. పోనీ, బావవు, నీకు హక్కుంది.

అక్కకు మాత్రం చెప్పు. ఆమెకు పద్నాలుగేళ్ల నాయన ఉన్నాడు. నాకు ఒక్కరోజు నాయన కూడా గుర్తులేడు. అది తెలిసి కూడా, ఆడమనిషి పాటలో నాయన ఉన్నాడని కట్టుకథలు చెప్పి నాకు ఆశపెట్టడం ఆమెకు తగదు.

హజరత్‌వలి


ధర్మవరం,
14-7-1978.

వలికి,

నీ ఉత్తరాలు నేను గట్టిగా చదువుతాను, మీ అక్క వింటుంది. ఇరవై ఏళ్లుగా జరిగేది అదే, నీకు తెలియనిది కాదు. ముందు కళ్లతో చూసి తర్వాత నోటితో చదివే తెలివి నాకు లేదు. కట్టుకథలు అనే మాట నోట్లోనుంచి బయటపడినాక గానీ కంటికి ఆనలేదు.

ఆమె లేచి నిలబడింది. "వాన్ని చంకలో వేసుకుని పెంచిన చెయ్యి ఇది. నాయన గొంతు మరిచిపోయేంత ముసల్దాన్ని కాలేదు నేను" అనింది. అంతే. మళ్లీ నీ పేరు ఎత్తలేదు.

ఇంక దిండ్లు పంపొద్దు.

లాల్‌సాబ్


హిందూపురం,
9-2-1979.

(బావా, ఈ ఉత్తరం మనసులో చదువుకో. గట్టిగా చదవొద్దు.)

పెనుకొండ బాబయ్య ఉరుసుకు అక్క వచ్చిందని, దర్గాలో ఫాతెహా చేయించి అట్లే ధర్మవరం బండెక్కిందని కృష్ణమోహన్ సారు చెప్పినాడు. ఏటా ఉరుసు అయినాక మా ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఉండేది. ఈ సారీ వస్తుందనే స్టేషనుకు పోయి మూడు బండ్లు చూసినాను. ఇన్నేళ్లలో నాకు ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

నువ్వు ఒక పని చెయ్యి. "కట్టుకథ అన్నమాట వలి నా గురించి రాసినాడు, నీ గురించి కాదు, నేనే చదవడంలో పొరపాటు పడ్డాను" అని అక్కతో చెప్పు. అబద్ధమే. అయినా చెప్పు. మొగుని మాట నమ్ముతుంది.

దిండులో ఏడో నంబరు మళ్లీ పంపుతున్నాను. తిరిగి పంపే పని లేదు. ఎన్నాళ్లైనా ఉంచుకోమను. మగమనిషి పాడినా, ఆడమనిషి పాడినా నేను అడగను.

తప్పు చేసిన,
వలి


ధర్మవరం,
3-3-1979.

వలికి దువా.

"మనసులో చదువుకో" అన్నదాన్ని కూడా గట్టిగానే చదివినాను. తర్వాతది ఆపుదామనుకున్నాను. మీ అక్క చదవమంది. "అబద్ధమే, అయినా చెప్పు" అన్నచోట ఆమెకు నవ్వు వచ్చింది, ఆ నవ్వును కొంగులో దాచుకుంది. అంతకంటే ఎక్కువ ఆశపడొద్దు.

దిండు కుట్టు విప్పలేదు. తలకింద పెట్టుకుని పడుకుంటోంది. రికార్డు పగులుతుంది, తియ్యి అన్నాను. "ఉండనీ. మిషను మీద పెడితే మగమనిషి పాడితే వాడు అబద్ధం, ఆడమనిషి పాడితే నేను అబద్ధం. ఎవరు గెలిచి ఏం లాభం" అనింది.

మిషను మీద గుడ్డ కప్పేసినాను.

లాల్‌సాబ్


ధర్మవరం,
21-7-1981.

వలికి లాల్‌సాబ్ దువా.

రెండేళ్లుగా మన మధ్య పండగ కార్డుముక్కలే నడుస్తున్నాయి. ఈ సారి ఇన్‌లాండు కూడా చాలదని కవరు తెచ్చినాను. కూర్చుని చదువు.

కృష్ణమోహన్ సారుకు మా స్టేషనుకు బదిలీ అయింది. ఆదివారం మధ్యాన్నం టీకి పిలిచినాను. ఆయన ఊరికే రాలేదు, తనకు ప్రాణమైన రికార్డు ఒకటి సంకలో పెట్టుకుని వచ్చినాడు. గుడ్డ తీసి, దుమ్ము దులిపి, మిషను పెట్టినాను. కొంచెంసేపటికే ఆయన ముఖం మారిపోయింది. గడియారం చూసుకున్నాడు. మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. పక్క అయిపోయినాక పుస్తకం తీసినాడు.

"లాల్‌సాబ్, ఇది పద్దెనిమిది నిమిషాల పాట. మీ ఇంట్లో ఇరవై నాలుగు పట్టింది. మీ బండి లేటుగా నడుస్తాంది" అన్నాడు.

రికార్డు అంచుకు తెల్లకాగితం ముక్క అంటించి తిరుగుళ్లు లెక్కపెట్టినాం. నిమిషానికి ముప్పై మూడు తిరగాలంట. నాది ఇరవై అయిదు తిరుగుతోంది. నేను వేసిన ఇత్తడి చక్రం అసలు చక్రం కంటే సన్నం. సన్నం చక్రం నిదానంగా తిప్పుతుంది, ఇది ఈ వృత్తిలో మొదటి పాఠం, నేనే పది మందికి నేర్పినాను. నాకు తెలియనిది తర్వాతి సంగతి. పాట నిదానిస్తే గొంతు బరువెక్కుతుందట. ఆడగొంతు మగగొంతు అవుతుంది. పిల్లబాకా ఎద్దు అవుతుంది. ఊరేగింపు జనాజా అవుతుంది. మూడేళ్లుగా నువ్వు చెప్పింది నిజం, మేము విన్నదీ నిజం. మిషను ఒక్కటే తప్పు, దాన్ని చేసింది నేను.

అదే రోజు లెక్క ప్రకారం లేతు మిషను మీద కొత్త చక్రం తయారుచేసి బిగించినాను. మీ అక్కే తన దిండు తెచ్చి కుట్టు విప్పింది. నీ దూది గొప్పది, రెండేళ్లు తలకింద ఉన్నా రికార్డు వంకరపోలేదు. ఏడో నంబరు పెట్టినాం. గొడుగు ఆమె నవ్వుతా పాడింది. బాగుంది కూడా. మీ అక్క చివరిదాకా నిలబడే వినింది. "అయితే నేను ఇన్నాళ్లూ వినింది ఎవర్ని?" అని ఎవరినీ చూడకుండా అడిగి లోపలికి పోయింది.

ఇంతటితో అయిపోతే బాగుండేది. వారమైంది, ఆమెకు ముద్ద దిగడం లేదు. నిన్న చెప్పింది. "నాయన గొంతు గుర్తు చేసుకుందామంటే ఇప్పుడు ఆ నవ్వే ఆమె గొంతే వస్తాంది. ముందున్నదీ పోయింది." మిషను బాగుచేసి మీ నాయనను పోగొట్టినవాణ్ని నేనే అయినాను. ఏం చెయ్యాలో రాయి.

ఏమీ తోచని,
లాల్‌సాబ్


హిందూపురం,
25-7-1981.

బావా, ఇది అక్కకు. గట్టిగా చదువు. వీధి వినేటట్టు చదువు.

అక్కా, కట్టుకథ అన్నది నేనే, నీ గురించే. బావ చదవడంలో పొరపాటు ఏమీ లేదు. నువ్వు విన్నది ఉంది. నువ్వు ఒక్క మాట కూడా కల్పించలేదు. నాకు లేనిదాన్ని నువ్వు చూపిస్తే, నాకు కనబడలేదన్న ఉక్రోషంతో లేదు పొమ్మన్నాను. నేను చెవిటోనికంటే అన్యాయం. నువ్వు మా ఇంటికి రాని ఉరుసులు మూడు అయినాయి. అక్క రాని ఇంట్లో పండగేమిటని నేనూ చేసుకోలేదు.

ఇంక బావకు. ఆ పాత సన్నం చక్రం తీసి మళ్లీ బిగించు. ముప్పై మూడు తిరిగితే ఎవరికి, ముప్పై తిరిగితే ఎవరికి? ఆ దొరసానికి, కృష్ణమోహన్ సారుకు కావాలేమో సరైన స్పీడు. మన ఇంటికి కావలసింది ఇరవై అయిదు. ఈ రోజే బిగించు. ఆ ఆడగొంతు అక్క చెవిలో ఇంకా పాతుకోకముందే బిగించు.

కాళ్లావేళ్లా పడే,
వలి


ధర్మవరం,
4-10-1981.

వలికి దువా.

నీ ఉత్తరం వీధి విన్నది. గంగులమ్మ గోడవతల నుంచి కళ్లు తుడుచుకుందట. మీ అక్క ఆ కాగితం అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా, ట్రంకుపెట్టెలో పెట్టుకుంది.

నాకు వెంటనే జవాబు రాయడానికి ముఖం చెల్లలేదు. ఎందుకంటే పాత చక్రం నా దగ్గర లేదు. ఊడదీసిన రోజే తిమ్మయ్య షెడ్డులో దారం మిషన్ను బాగు చెయ్యడానికి పోయి, అందులో వేసేసినాను. పనికొచ్చే వస్తువు ఊరికే ఉండడం నా చేతికి నచ్చదు. ఆ షెడ్డులో అట్లాంటివి నూటికి పైనే. అన్నీ ఇత్తడివే. నాది ఏదో నాకే తెలీదు. పంతొమ్మిది తెచ్చి వేసి చూసినాను. ఒక్కొక్కటి ఒక్కొక్క మాదిరి అరిగింది. ఒకదానితో ముసలామె పాడింది, ఇంకొకదానితో పడుచోడు పాడినాడు. తిమ్మయ్య నా బుర్ర అరిగిందన్నాడు.

చివరికి లేతుమీద నేనే కొత్తవి తిప్పడం మొదలుపెట్టినాను. మీ అక్కను చేటతో సహా పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇంకా నిదానం" అనేది. తగ్గించేవాణ్ని. "ఇది మరీ ముసలోడు. నాయన ముప్పై ఆరేళ్లకే పాయ" అనేది. పెంచేవాణ్ని. కృష్ణమోహన్ సారు డ్యూటీ అయినాక వచ్చి గడియారం పట్టుకుని కూర్చునేవాడు. తప్పు స్పీడు కోసం ఇంత కచ్చితంగా పనిచేసేవాళ్లను రైల్వేలో కూడా చూడలేదన్నాడు.

నిన్న ఆరో చక్రం వేసినాను. పాట మొదలైంది. మీ అక్క శెనక్కాయలు ఒలవడం నిలిపేసింది. అదే నాకు గుర్తు. ఆ చక్రాన్ని ఇంక ఊడదియ్యను. మీ అక్క నాలుగు ముద్దలు తినింది.

నువ్వు రా. వినిపోదువు. మా పరుపు రాయి అయిపోయింది, ఇక్కడ ఏకే మిషను లేదు. గోడమీద విల్లు దించుకుని రమ్మంది మీ అక్క.

మిషను ముందర కుర్చీ వేసి ఉంచిన,
లాల్‌సాబ్


హిందూపురం,
2-11-1981.

బావకు, అక్కకు సలాము.

వచ్చే గురువారం పొద్దున పాసింజరుకు వస్తాను. విల్లుకు నరం కొత్తది కట్టించినాను. ఏడో నంబరు అట్ట కూడా తెస్తున్నాను.

భయంగా ఉంది బావా. నవ్వొద్దు. అక్కకు గుర్తుంది గనక గుర్తుపట్టింది. నాకు గుర్తుపట్టడానికి లోపల ఏముంది? విని కూడా నాకేమీ తెలియకపోతే ఎట్లా అని రెండు రోజులుగా అదే ఆలోచన. నాకూ ఇప్పుడు ముప్పై ఆరు.

వలి


ధర్మవరం,
20-11-1981.

వలికి లాల్‌సాబ్ దువా.

నువ్వు పోయి పదిరోజులు దాటింది. పరుపు ఎంత మెత్తగా ఉందంటే పొద్దున లేవబుద్ధి కావడం లేదు. అట్ట మా గూట్లోనే విడిచిపోయినావు. మన కట్టుబాటు ప్రకారం ఏడో నంబరు ఇంక మాది.

ఉన్న నాలుగు రోజుల్లో దాన్ని ఎన్నిసార్లు విన్నావో నాకు తెలుసు. ప్రతిసారీ అక్క ముఖం చూసి బాగుందన్నావు. బండెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని అసలు మాట చెప్పినావు. "బావా, ఎవరో పెద్దమనిషి పాడతాండాడు, అంతే. నాకు నాయన తెలీలేదు." నీ కళ్లలో నీళ్లు చూసి కూడా నేను నోరు మూసుకుని ఉన్నాను. చెప్పొద్దని మీ అక్క నాకు ఆన పెట్టింది గనక.

కానీ నేను ఉత్తరాన్ని మనసులో చదవలేనివాణ్ని. సంగతిని మనసులో దాచుకోవడం కూడా రాదు.

మూడో రోజు పొద్దున నువ్వు వాకిట్లో కూర్చుని పరుపు దూది ఏకుతున్నావు. మీ అక్క వంటింట్లో సంగటి గెలుకుతోంది. నేను నడవలో మిషను విప్పి దూది నలుసులు తుడుస్తున్నాను. చక్రం నా చేతిలో ఉంది. విల్లు టుంయ్ అన్నప్పుడల్లా నువ్వు దానికింద ఏదో కూనిరాగం తీస్తున్నావు. అది ఏడో నంబరు కాదు, నేను ఎన్నడూ విన్నది కాదు. తీస్తున్నట్టు నీకే తెలీదనుకుంటాను. తల ఎత్తకుండా ఏకుతూనే ఉన్నావు.

మీ అక్క తెడ్డు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. "ఆ పక్క అయిపోతానే మళ్లీ అదే పెట్టు. నిలపొద్దు" అనింది.

నేను చేతిలో చక్రం చూపించినాను. కరెంటు పోయి కూడా అప్పటికి గంటయింది.

ఆమె మిషను దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, తర్వాత వాకిలి దిక్కు చూసింది. చాలాసేపు అక్కడే నిలబడింది. సంగటి అడుగంటింది. ఆ రోజు మాడువాసన వస్తోందని నువ్వే అన్నావు.

"వానికి చెప్పొద్దు. చెప్తే కావాలని పాడతాడు" అనింది.

ఇప్పుడు చెప్పేసినాను. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించకుండానే డబ్బాలో వేస్తున్నాను. ఇంట్లో ఇది మొదటి తప్పు. ఆమె నీకు రాయమన్నది ఒక్కటే. ఇంటికి పోయినాక విల్లు మళ్లీ గోడకు తగిలించొద్దని రాయమంది. ఎందుకో రాయొద్దంది.

లాల్‌సాబ్